బడి కబుర్లు ఇంగ్లీషులో

ఇంటికి చుట్టాలొస్తే మన ఇళ్ళలో ఒక వేడుక జరుగుతుంది. షర్బత్ గ్లాసులు ఖాళీ అయ్యే వేళకు తండ్రి కొడుకును కేకేస్తాడు. "ఇటు రా బేటా, మామూకి నీ ఇంగ్లీషు వినిపించు" అంటాడు. పిల్లవాడు వచ్చి, చేతులు కట్టుకొని, చూపు పైకప్పుకు అంటించి ఒకే గుక్కలో అప్పజెపుతాడు. "మై స్కూల్ ఈజ్ ఎ బిగ్ స్కూల్. ఇట్ హ్యాజ్ ఎ బిగ్ ప్లేగ్రౌండ్. అవర్ టీచర్స్ ఆర్ వెరీ కైండ్. ఐ లవ్ మై స్కూల్ వెరీ మచ్." అందరూ మాషా అల్లాహ్ అంటారు. తల్లి తలుపు చాటునుంచి చూసి మురిసిపోతుంది.

ఈమధ్య ఒక ఇంట్లో ఈ వేడుకకు మేమూ సాక్షులమయ్యాం. పద్యం చదివినట్టు పిల్లవాడు అప్పజెప్పడం అయిపోయాక, వచ్చిన చుట్టం ఊరికే ముద్దుకు అడిగాడు: "వాట్ డిడ్ యూ ఈట్ ఇన్ స్కూల్ టుడే?" పిల్లవాడు తల్లివైపు చూశాడు. తండ్రివైపు చూశాడు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. నాలుగో తరగతి చదువుతున్న పిల్లవాడు. నాలుగేళ్ళుగా ఇంగ్లీషు మీడియం. ఆ మధ్యాహ్నం తను తిన్న అన్నం, గుడ్డు గురించి రెండు ముక్కలు చెప్పలేకపోయాడు. అదే ప్రశ్న తెలుగులో అడిగి ఉంటే, గుడ్డు ఎవరికి పెద్దది వచ్చింది, ఎవరిది కింద పడింది, సార్ ఏమన్నాడు, అన్నీ ఊపిరాడకుండా చెప్పేవాడే.

మరో సంగతి. ఆ బడి మాకు తెలుసు. అద్దె మేడ మీద మూడు గదులు. ప్లేగ్రౌండ్ లేదు. బెల్లు కొడితే పిల్లలు మెట్లమీదే ఆడుకుంటారు. గైడు పుస్తకంలో ఉన్న బడిని పిల్లవాడు తన బడిగా అప్పజెప్పాడు. అబద్ధం ఆడాలని అతని ఉద్దేశం కాదు. ఇంగ్లీషు అంటే నిజం చెప్పుకునే భాష అని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ భాషలో మాటలు కంఠస్థం చేయాలి, అప్పజెప్పాలి, మార్కులు తెచ్చుకోవాలి. తన సంగతి మాత్రం అందులో చెప్పుకోకూడదు. పిల్లల ఇంగ్లీషు విషయంలో మనం చేస్తున్న పొరపాటంతా ఇక్కడే ఉంది.

ఇంగ్లీషు మీడియం కావాలా, వద్దా అన్న వాదనలో మనం చాలా కాలం గడిపాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా అచ్చయిన పాఠ్యపుస్తకాలు మాత్రం పిల్లల సంచుల్లోకి చేరాయి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. అంతకుముందే, 2016లో, అక్కడ మైనారిటీ గురుకులాలు 71తో ఆరంభమై తర్వాత 204కు పెరిగాయి. వాటిలోనూ బోధన ఇంగ్లీషులోనే. ఇక ప్రైవేటు బడుల సంగతి చెప్పనక్కరలేదు. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి కూడా నెలనెలా ఫీజు కట్టి పిల్లల్ని అక్కడికే పంపుతున్నారు. కనుక మీడియం వచ్చింది. మాట రాలేదు.

రాకపోవడానికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. తరగతిలో యాభైమంది ఉంటే నలభై నిమిషాల పీరియడులో ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కదు. ఆ నిమిషంలోనూ పిల్లవాడు పలికేది "మే ఐ కమిన్ మేడమ్", "ఎస్ సార్", "ప్రెజెంట్ మేడమ్". పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు పేపరు రాయించేదే గాని మాట్లాడించేది కాదు. పరీక్షలో లేనిదాన్ని బడి పట్టించుకోదు. బడి పట్టించుకోనిదాన్ని ఇల్లు పట్టించుకోవాలి. ఇల్లేమో ఫీజు కట్టాం కదా అని ఊరుకుంటోంది.

మన పిల్లల అలవాటు ఒకటి ఇందుకు తోడవుతోంది. మక్తబ్‌లో వారు ఖుర్ఆన్‌ను నాజిరాగా, అంటే చూసి పలుకుతూ చదవడం నేర్చుకుంటారు. అర్థం తర్వాత నేర్చుకోవచ్చునన్నది అక్కడి పద్ధతి. దైవవాక్కును అర్థం తెలియకుండా పఠించినా పుణ్యం ఉందని మన విశ్వాసం. ఇంగ్లీషు రీడరుకు ఆ శుభం లేదు కదా! అయినా అదే పద్ధతిలో చదువుతున్నారు. గొంతు బాగుంటుంది, అక్షరం తప్పు పోదు, అర్థం మాత్రం శూన్యం.

ఇంగ్లీషు నేర్పితే పిల్లలు దీన్‌కు దూరమవుతారేమోనన్న సందేహం కొన్ని ఇళ్ళలో పెద్దలకు ఇంకా ఉంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. 1875లో అలీగఢ్‌లో బడి తెరిచిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇటువంటి విమర్శలు ఎన్నో భరించారు. హైదరాబాదులో 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు కూడా ప్రతి విద్యార్థీ ఇంగ్లీషును ఒక భాషగా తప్పనిసరిగా చదవాలనే నియమం పెట్టారు. సొంత భాష మీద అంత అభిమానం ఉన్నవారికే ఇంగ్లీషు అవసరం కనిపించింది.

అంతకంటే పాత దృష్టాంతం మనకుంది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ప్రవక్త మహనీయులు (స) మదీనాకు వలస వచ్చేనాటికి పదకొండేళ్ళ బాలుడు. మన లెక్కలో ఆరో తరగతి పిల్లవాడు. యూదులతో జరిపే ఉత్తరప్రత్యుత్తరాల కోసం వారి లిపి నేర్చుకోమని తర్వాత ఆయన్ను దైవప్రవక్త (స) ఆదేశించారు. పక్షం రోజుల్లో నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఇతరుల భాష నేర్చుకున్నందువల్ల ఆయన దీన్ ఏమీ తరగలేదు. ఖుర్ఆన్‌ను ఒక్కచోట సంకలనం చేసే మహత్కార్యం హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ తర్వాత ఆయనకే అప్పగించారు.

బద్ర్ ఖైదీల సంగతి జుమా ఉపన్యాసాల్లో తరచు వింటూనే ఉంటాం. హిజ్రీ 2లో, అంటే 624లో, బద్ర్ యుద్ధంలో పట్టుబడి, విడుదల సొమ్ము ఇచ్చుకోలేని ఖైదీలకు అన్సారుల పిల్లలకు రాత నేర్పడమే పరిహారంగా నిర్ణయించారు. ఆ ఉల్లేఖనంలో మరో ముక్క ఉంది. దాన్ని మనం అంతగా పట్టించుకోం. ఆ పిల్లల్లో ఒకడు ఒకరోజు ఏడుస్తూ తండ్రి దగ్గరకు వచ్చాడు. ఏమైందని తండ్రి అడిగాడు. మా పంతులు కొట్టాడని పిల్లవాడు చెప్పాడు. బద్ర్ పగ తీర్చుకుంటున్నాడా వాడు, ఇక అతని దగ్గరకు వెళ్ళవద్దు అన్నాడు తండ్రి. పద్నాలుగు శతాబ్దాల నాటి ఆ బడి నుంచి మనదాకా వచ్చిన సంభాషణ ఇదొక్కటే కావచ్చు. అది పాఠం గురించి కాదు. బడిలో తన పిల్లవాడికి ఏం జరిగిందో తండ్రి అడిగాడు, పిల్లవాడు చెప్పాడు.

మన ఇళ్ళలో ఆ ప్రశ్న ఎంతమంది అడుగుతున్నారు? హోంవర్కు అయిందా, ఎన్ని మార్కులు వచ్చాయి అని అడుగుతాం. "ఈరోజు బడిలో ఏమైంది?" అని కాదు. ఇంగ్లీషు మాట్లాడించడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. పిల్లవాడికి బాగా తెలిసిన లోకం బడి. బెంచీ, బెల్లు, ఇంటర్వెల్, పెన్సిలు దొంగతనం, కొత్తగా వచ్చిన టీచరు, లీడరు పెత్తనం. కావలసిన మాటల్లో సగం ఇంగ్లీషువే, రోజూ అంటున్నవే. వాటిని వాక్యంలో కూర్చడమే తరువాయి. లండన్ నగరం గురించీ, మంచు కురిసే రోజు గురించీ మాట్లాడమంటే పిల్లవాడు ముందు ఊహించాలి, తర్వాత మాటలు వెతకాలి. బడి గురించి అయితే ఊహించే పని లేదు.

మగ్రిబ్ నమాజుకూ ఇషాకూ మధ్య పది నిమిషాలు చాలు. టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టాలి. రోజుకు ఒక్కటే ప్రశ్న. దానికి మూడు వాక్యాల జవాబు. ఏం జరిగింది, ఎవరు చేశారు, నీకేమనిపించింది. "రైన్ కేమ్ ఇన్ అవర్ క్లాస్. ఆల్ బుక్స్ వెట్. ఐ వాజ్ హ్యాపీ" అన్నాడనుకోండి. బడి పైకప్పు కారినందుకు సంతోషించాడేమిటని మనం విస్తుపోవచ్చు గాని, అది వాడి సొంత వాక్యం, వాడి సొంత సంతోషం. గైడులోంచి తెచ్చింది కాదు.

తప్పులు వస్తాయి. ఎందుకు వస్తాయో తెలిస్తే కోపం రాదు. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో నడుమనే వచ్చేస్తుంది. "నేను బడికి వెళ్తాను" అనే ఒక్క మాట మనకు రోజూ జరిగేదానికీ సరిపోతుంది, రేపు జరగబోయేదానికీ సరిపోతుంది. ఇంగ్లీషులో "ఐ గో" వేరు, "ఐ విల్ గో" వేరు. ఏది వాడాలో తోచక పిల్లవాడు రెండుచోట్లా "ఐ యామ్ గోయింగ్" అనేస్తాడు. "వచ్చావు" చివర "ఆ" పలికితే మనకు ప్రశ్న తయారు. అందుకే పిల్లలు "యూ కేమ్‌ఆ?" అంటారు. ఆ దీర్ఘం చేసే పని ఇంగ్లీషులో "డిడ్" చేస్తుంది, అదీ వాక్యం ముందుకొచ్చి. "ఎ", "ది" లాంటి బుల్లి మాటలు మనకు లేనే లేవు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఆడైనా మగైనా "వో" ఒక్కటే కనుక "మై సిస్టర్, హీ ఈజ్ ఇన్ సెవెన్త్ క్లాస్" అంటారు. ఇవి మొద్దుతనం వల్ల వచ్చే తప్పులు కావు. ఒక భాష గట్టిగా వచ్చినవాడు రెండో భాషలో చేసే సహజమైన తప్పులు.

దిద్దే తీరులో మాత్రం జాగ్రత్త కావాలి. "టుడే సార్ నాట్ కేమ్" అంటే "తప్పు! మళ్ళీ చెప్పు!" అని గద్దించకూడదు. "ఓహో, సార్ డిడ్ నాట్ కమ్ టుడే? వై?" అని మాట కలపాలి. సరైన వాక్యం వాడి చెవిలో పడుతుంది, కబురూ ఆగదు. ఇంట్లో కాలేజీ చదివే అక్కో అన్నో ఉంటే ఈ పని వారికి అప్పగించవచ్చు. అక్కకు ఇంగ్లీషు వచ్చినా తమ్ముడికి రాకపోవడం మన ఇళ్ళలో మామూలే. ఒకే చాప మీద కూర్చుంటారు, ఒకరితో ఒకరు ఇంగ్లీషులో ఒక్క ముక్క మాట్లాడరు. సిగ్గు!

"మేము చదువుకోలేదు, మేమేం నేర్పగలం?" అని తల్లులు అడుగుతారు. ఐదో తరగతితోనో ఏడో తరగతితోనో బడి మాన్పించబడిన తల్లులు వీరు. వారికి మా జవాబు ఇది. మీరు నేర్పనక్కరలేదు, వినండి. ప్రశ్న తెలుగులో అడగండి, జవాబు ఇంగ్లీషులో చెప్పమనండి. అర్థం కాకపోతే "అంటే ఏమిట్రా?" అని అడగండి. వాడు మీకు విడమరచి చెప్పే క్రమంలో వాడికే తెలిసివస్తుంది. నేర్చుకున్నది మరొకరికి నేర్పితేనే నిలుస్తుందని మక్తబ్ ఉస్తాదులను అడిగినా చెబుతారు. కొన్నాళ్ళకు "వై?", "హూ?", "వెన్?" అనే మూడు మాటలు మీకూ పట్టుబడతాయి. వాటితో ఒక సాయంత్రమంతా నడపవచ్చు. ఇందులో ఒక ప్రమాదం లేకపోలేదు. రెండు ఇంగ్లీషు ముక్కలు రాగానే అమ్మీని చూసి నవ్వే కొడుకులు ఉన్నారు. ఆ నవ్వును మొదటి రోజే తండ్రి ఆపాలి. తల్లి ముందు వినయం నేర్వని నాలుకకు ఎన్ని భాషలు వచ్చినా ఏం లాభం?

మన పిల్లలకు ప్రత్యేకంగా అవసరమయ్యే వాక్యాలు కొన్ని ఉన్నాయి. అవి ఏ గైడులోనూ దొరకవు. రంజాన్‌లో తొలిసారి ఉపవాసం పట్టిన పిల్ల ఎండలో పరుగెత్తమన్నప్పుడు "సార్, ఐ యామ్ ఫాస్టింగ్ టుడే. మే ఐ సిట్ ఇన్ ది షేడ్?" అని చెప్పగలగాలి. చెప్పలేక పరుగెత్తి కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలుంటారు. శుక్రవారం మధ్యాహ్నం "మే ఐ గో ఫర్ జుమా ప్రేయర్? ఐ విల్ కమ్ బ్యాక్ బై టూ" అని అడగగలగాలి. అడిగేవాడికి అనుమతి దొరకవచ్చు, చెప్పకుండా జారుకున్నవాడికి గైర్హాజరు పడుతుంది. తన పేరును తప్పుగా పలికితే "మేడమ్, మై నేమ్ ఈజ్ నాట్ దట్" అని మర్యాదగా సరిదిద్దగలగాలి. బక్రీద్ గురించో తలగుడ్డ గురించో తోటిపిల్లలు ఏదైనా అడిగితే ఉక్రోషపడకుండా రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. వీటన్నిటికంటే ముందు నేర్పవలసిన వాక్యం ఒకటుంది: "సార్, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ అగైన్." ఈ ఒక్క వాక్యం పలకలేక ఎంతమంది పిల్లలు వెనుక బెంచీలకు, అక్కణ్ణుంచి బడి బయటకు జారిపోయారో! ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి పోనివారో, పోయి మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. పేదరికమే అందుకు పెద్ద కారణం, కాదనం. అర్థం కాలేదని చెప్పుకోలేని మౌనం కూడా ఒక కారణమని బడి మానేసిన పిల్లలతో మాట్లాడితే తెలుస్తుంది.

మౌనానికి మూలం భయం. ఎవరైనా నవ్వుతారేమోనన్న భయం. హజ్రత్ మూసా (అలై) వంటి మహాప్రవక్త ఫిరౌను దర్బారుకు వెళ్ళేముందు తన నాలుక ముడి విప్పమని, ప్రజలకు తన మాట అర్థమయ్యేటట్లు చేయమని ప్రభువును వేడుకున్నారు. తనకంటే ధారాళంగా మాట్లాడే సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా ఇమ్మని కోరుకున్నారు. ఈ దుఆను మన పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు, పరీక్షకు వెళ్తూ చదువుకుంటారు. ప్రవక్తకే నాలుక తడబాటు ఉంటే తమకు ఉండడంలో వింతేముంది? ఈ మాట పిల్లలకు ఎవరైనా చెప్పాలి. హారూన్ లాంటి తోడు అవసరమని కూడా చెప్పాలి. ఇద్దరు స్నేహితులు బడికి నడిచివెళ్ళే దారిలో ఇంగ్లీషులోనే మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకుంటే, ఏ స్పోకెన్ ఇంగ్లీషు కోచింగూ దానికి సాటిరాదు.

ఇంత చెప్పాం గనుక మరో వైపు కూడా చెప్పాలి. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడల్లో ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు. రాష్ట్రమంతా గగ్గోలయింది. అటువంటి ఇంగ్లీషు మనకు వద్దు. భాషల వైవిధ్యాన్ని దివ్య ఖుర్ఆన్ అల్లాహ్ సూచనల్లో ఒకటిగా పేర్కొంటున్నది. ఇంట్లో ఉర్దూనో తెలుగో, వీధిలో తెలుగు, మస్జిదులో అరబ్బీ, బడిలో ఇంగ్లీషు, హిందీ. మన పిల్లవాడు పదేళ్ళు నిండకముందే నాలుగు లిపులు తడిమినవాడు. ఇంతటి సాధన చేసిన పిల్లవాణ్ణి పట్టుకొని "వీడికి భాష రాదు" అనడం అన్యాయం. సాయంత్రం పది నిమిషాలు ఇంగ్లీషు. మిగతా వేళ నానీ చెప్పే కథలు ఏ భాషలో ఉంటే ఆ భాష.

మస్జిదు కమిటీలకు కూడా ఒక మాట. ప్రతి మొహల్లాలో డిగ్రీ, బీటెక్ చదువుతున్న అబ్బాయిలు, అమ్మాయిలు ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు, మక్తబ్ ముగిశాక అరగంట, అదే చాప మీద పిల్లలను కూర్చోబెట్టి బడి కబుర్లు ఇంగ్లీషులో చెప్పించవచ్చు. ఆడపిల్లలకు అమ్మాయిలే చెప్పించవచ్చు. దీనికి పుస్తకం అక్కరలేదు, ఫీజు అక్కరలేదు, ప్రారంభోత్సవం అంతకన్నా అక్కరలేదు. మైకుకూ, రంగు దీపాలకూ చందాలు వసూలు చేసే ఓపిక మనకుంది గనుక ఈ అరగంటకు నలుగురు విద్యార్థులను ఒప్పించడం కష్టమేమీ కాదు.

మొదట చెప్పిన పిల్లవాడి ఇంట్లో ఆ సాయంత్రం మేము మరికాసేపు కూర్చున్నాం. పెద్దలు వేరే మాటల్లో పడ్డాక చుట్టం అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని మెల్లగా అడిగాడు, ప్లేగ్రౌండ్ ఎంత పెద్దదని. పిల్లవాడు నవ్వాడు. తలుపు వైపొకసారి చూసి, చుట్టం చెవిలో అన్నాడు: "నో ప్లేగ్రౌండ్. వుయ్ ప్లే ఆన్ స్టెప్స్."